పాత రైల్వే మాన్యువల్: అసలు ప్రతా, నకలా?

నమస్కారం. గుంతకల్లు నుంచి మాట్లాడుతున్నాను. రైల్వేలో కొలువు చేసినవారు లేని వీధి మా ఊళ్లో అరుదు గనుక, తాతల నాటి రూల్సు పుస్తకాలూ, వర్కింగ్ టైంటేబుళ్లూ (రైల్వే సిబ్బంది వాడకానికి వేసే సమయపట్టికలు) ఇక్కడి అటకల మీద ఇప్పటికీ దొరుకుతుంటాయి. అలాంటి పుస్తకాలే ఆన్‌లైన్‌లో ‘వింటేజ్ ఒరిజినల్’ అన్న పేరుతో వేల రూపాయలకు అమ్మకానికి వస్తున్నాయి. వాటిలో నిజంగా పాతవీ ఉన్నాయి, స్కాన్ చేసి నిన్నమొన్న అచ్చువేసినవీ ఉన్నాయి. డబ్బు చెల్లించక ముందే, అమ్మకందారు చూపిన ఫొటోలను బట్టి, అతణ్ని అడిగి తెప్పించుకోగల మరికొన్ని ఫొటోలను బట్టి వీటిని ఎలా వేరుచేయవచ్చో ఈ వీడియోలో చూద్దాం.

ముందుగా, కాగితం రంగును చూసి మోసపోవద్దు. పసుపు రంగు తెప్పించడం చాలా సులువు. టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టినా వస్తుంది. అయితే కాలం వల్ల ముదిరిన కాగితం గాలీ వెలుతురూ తగిలే అంచుల దగ్గర ఎక్కువగా, కుట్టు లోపలి వైపు తక్కువగా రంగు మారుతుంది. పేజీ అంతటా ఒకే తీరున గోధుమరంగు పరుచుకుని ఉంటే అనుమానించాలి. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. అమెరికా లోకోమోటివ్ (రైలు ఇంజిన్) పుస్తకాలు కొన్నిటిని 1970లలోనే అక్కడి రైలు అభిమానుల కోసం ఆఫ్‌సెట్‌లో తిరిగి అచ్చువేశారు. ఆ నకళ్లకు ఇప్పుడు యాభై ఏళ్లు వచ్చాయి గనుక వాటి పసుపు నిజమైన పసుపే. కాగితం పాతదైనంత మాత్రాన ముద్రణ మొదటిదని తేలదు.

స్కాన్ నుంచి వచ్చిన నకలు తనను తాను పట్టించే చోట్లు వేరే ఉన్నాయి. తెర మీద ఉన్న ఈ పేజీని చూడండి. పురుగు కొట్టిన రంధ్రంలా కనిపిస్తున్నది రంధ్రం కాదు, రంధ్రపు బొమ్మ. నిజమైన పురుగు ఒక పేజీతో ఆగదు. ఆ తొలుపు పక్క పేజీల్లోనూ అదే చోట కొద్దికొద్దిగా ఆకారం మారుతూ సాగుతుంది. గ్రంథాలయపు రబ్బరు స్టాంపు అసలు ప్రతిలో సాధారణంగా ఊదా రంగులోనో నీలంలోనో ఉంటుంది, నలుపు తెలుపు నకలులో అది కూడా అక్షరాల్లాగే నల్లగా దిగుతుంది. అన్నిటికన్నా గట్టి ఆధారం మడత పటాలు. సిగ్నళ్ల అమరిక, వాక్యూమ్ బ్రేకు గొట్టాల దారి వంటివి అసలు పుస్తకంలో పెద్ద కాగితం మీద మడిచి కుట్టి ఉంటాయి. స్కాన్ చేసినవారు చాలాసార్లు వాటిని విప్పే శ్రమ పడరు కాబట్టి నకలులో సగం పటమో, చదవలేనంత కుదించిన పటమో మిగులుతుంది. అందుకే ‘మడత పటాన్ని విప్పి ఫొటో పెట్టండి’ అని అడగడం మంచిది.

ఇక మన దేశపు పుస్తకాలకు నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చే గుర్తు కరెక్షన్ స్లిప్పు. రూలు మారినప్పుడల్లా పుస్తకం మొత్తాన్ని మళ్లీ అచ్చువేయరు. వరుస సంఖ్య వేసిన చిన్న కాగితపు ముక్కలు పంపుతారు. గార్డయినా స్టేషన్ మాస్టరయినా దాన్ని కత్తిరించి సంబంధిత పేరా దగ్గర జిగురుతో అంటించి, పాత వాక్యాన్ని కలంతో కొట్టివేసి, పుస్తకంలో ఉన్న పట్టికలో ఆ సంఖ్య నమోదు చేసుకోవాలి. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి పుస్తకం తెరిచి స్లిప్పులు అంటించారో లేదో చూసేవాడు గనుక డ్యూటీలో వాడిన పుస్తకం ఆ ముక్కలతో ఉబ్బి ఉంటుంది. నకలులో ఆ ముక్క పేజీలో కలిసిపోయి చదునుగా ఉంటుంది, దాని అంచు నీడ కూడా బూడిద రంగు గీతగా అచ్చయి ఉంటుంది. కాబట్టి అంటించిన స్లిప్పు అంచును గోటితో కొంచెం పైకెత్తి ఫొటో తీయమని అడగండి. ఆ ఫొటోను తప్పించుకునేందుకు సాకులు చెప్పేవారి దగ్గర నేనైతే కొనను. అలాగని ఒక్క స్లిప్పు కూడా లేని పుస్తకం నకలని అనకూడదు. పంపిణీ కాకుండా స్టోరులో ఉండిపోయిన ప్రతులు శుభ్రంగానే ఉంటాయి.

తేదీల లెక్క కూడా పనికొస్తుంది, కానీ దాని పరిధి తెలుసుకోవాలి. నిజాయితీగా స్కాన్ చేసిన నకలులో తేదీల తప్పులు ఉండవు. పాత పాఠానికి కొత్త అట్ట తయారు చేయించినప్పుడే అలాంటి తప్పులు బయటపడతాయి. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే 1908లో ఏర్పడి, 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వేలో కలిసిపోయింది. గుంతకల్లు డివిజన్ 1977 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వేలోకి వచ్చింది. అందువల్ల ‘దక్షిణ మధ్య రైల్వే, గుంతకల్లు డివిజన్, 1970’ అని అట్ట మీద ఉంటే ఆ అట్ట కల్పితమే. నయా పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి గనుక అంతకు ముందటి ధర రూపాయలు, అణాల్లో ఉండాలి, నయా పైసల్లో ఉండకూడదు. చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ కనిపిస్తే ఆ పేజీ 1972 ఆగస్టు 15కు ముందటిది కాదు.

పేరు పేజీ వెనుక, చివరి పేజీ అడుగున తప్పక చూడండి. 2024లో రద్దయ్యే దాకా అమల్లో ఉన్న 1867 నాటి చట్టం ప్రకారం మన దేశంలో అచ్చయిన పుస్తకం మీద ముద్రించినవారి పేరు, ముద్రించిన స్థలం ఉండవలసి ఉండేది. ప్రభుత్వ ముద్రణాలయాలు తమ పేరు పొడి అక్షరాలతో పాటు ఎన్ని ప్రతులు వేశారో కూడా తరచుగా అక్కడే వేసేవి. ఆ వరుస చెరిపివేసి ఉన్నా, చివరి పేజీలో బార్‌కోడ్ కనిపించినా సంగతి అర్థమైనట్టే. ఇక రైల్వేయే కరెక్షన్లు చేర్చి తిరిగి ముద్రించిన ప్రతులు నకళ్లు కావు; వాటి మీద ఆ మాటా, సంవత్సరమూ స్పష్టంగా ఉంటాయి. వాటికి మొదటి ముద్రణ ధర మాత్రం చెల్లించవద్దు.

పుస్తకం చేతికి వచ్చాక చేయవలసిన పరీక్షలు తక్కువే. పేజీ మీద టార్చిని పక్క నుంచి వేయండి. సీసపు అచ్చక్షరాలతో ముద్రించిన పాత పేజీలో అక్షరాలు కాగితంలోకి దిగిన ఒత్తు కనిపిస్తుంది, వెనుక వైపు వేలికి కూడా తగలవచ్చు. భూతద్దంలో అక్షరపు అంచున సిరా కొంచెం చిక్కగా పేరుకుని ఉంటుంది. లేజర్ ముద్రణ అయితే అక్షరాలు కాగితం మీద మెరుస్తూ కూర్చుంటాయి, చుట్టూ సన్నని నల్లని నలుసులు చెదిరి ఉంటాయి. సైక్లోస్టైల్ (స్టెన్సిల్ మీదుగా సిరా దింపి ప్రతులు తీసే పద్ధతి) సర్క్యులర్లకు ఈ పరీక్ష వర్తించదు, వాటిని సీసపు అక్షరాలతో అచ్చువేయరు. తరువాత నోట్లు పరీక్షించే అతినీలలోహిత (యూవీ) కాంతి టార్చిని చీకటి గదిలో వేయండి. కాగితాన్ని తెల్లగా చూపే రసాయనాల వాడకం 1950 ప్రాంతంలో మొదలైంది గనుక, 1930 నాటిదని చెప్పిన పేజీ నీలి తెలుపులో వెలిగితే అది ఆనాటి కాగితం కాదు. వెలగకపోతే మాత్రం ఏమీ తేలదు, అలాంటి కాగితం ఇప్పటికీ తయారవుతోంది.

చదువుకోవడానికే కావాలంటే నకలు కొనడంలో తప్పేమీ లేదు, వందల్లో దొరికితే హాయిగా కొనుక్కోండి. కానీ స్లిప్పుల కింద దాగిన పాత రూలు అందులో చదవలేరు. అసలు ప్రతి అని చెప్పి అమ్మినప్పుడు ఆ మాటను అమ్మకందారు చేత రాతలో చెప్పించుకోండి. పార్సిల్ విప్పుతున్నప్పుడు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయండి. పైన చెప్పిన పరీక్షలన్నీ వాపసు గడువు ముగిసేలోపే చేయండి.