రెండు మందులు కలిపితే కాలేయం కోలుకుంటుందా?

నమస్కారమండి, తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. కళ్లు పచ్చబడి, పొట్టకు నీరు పట్టిన మనిషిని రుయాలోనో స్విమ్స్‌లోనో చేర్చాక ఇంట్లోవాళ్లు డాక్టర్ వెంటపడతారు: "ఒక్క మందు చాలకపోతే రెండు మూడు కలిపి వేయండి సార్!" ఆ ఆరాటం నాకు అర్థమవుతుంది. అందుకే ఈరోజు ఆ మాట గురించే.

తాగుడుతో కాలేయం వాచి కామెర్లు ముదిరితే తీవ్రమైన ఆల్కహాలిక్ హెపటైటిస్ అంటారు. రక్తం గడ్డకట్టే సమయం, బిలిరుబిన్ (కళ్లు పచ్చబడేలా చేసే పదార్థం) కలిపి వేసే స్కోరు 32 చేరిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. దీనికి చాలాకాలంగా వాడుతున్నది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, రోజుకు 40 మిల్లీగ్రాములు, 28 రోజులు.

దానికి పెంటాక్సిఫిలిన్ అనే ఇంకో మందు తోడైతే? బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా రోగులను నాలుగు గుంపులుగా చేసి చూశారు. 2015లో ఫలితాలు వచ్చాయి. 28 రోజుల్లో చనిపోయినవాళ్లు: మందులేని మాత్ర వేసుకున్న గుంపులో 17 శాతం, స్టెరాయిడ్ ఒక్కటే అయితే 14, పెంటాక్సిఫిలిన్ ఒక్కటే అయితే 19, రెండూ కలిపితే 13. స్టెరాయిడ్‌కు అది జతచేసినా ఒరిగిందేమీ లేదు. పైగా స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు ఎక్కువయ్యాయి.

ఆశ పుట్టించింది మాత్రం ఫ్రాన్స్ పరీక్ష, 2011లో. 174 మందిలో సగం మందికి స్టెరాయిడ్‌తోపాటు మొదటి అయిదు రోజులు ఎన్-ఎసిటైల్ సిస్టీన్‌ను నరంలోకి ఎక్కించారు. పారాసిటమాల్ ఎక్కువ మింగినవాళ్లకు విరుగుడుగా ఇచ్చే మందే ఇది. నెలరోజులకు మరణాలు స్టెరాయిడ్ ఒక్కటే వాడినవాళ్లలో 24 శాతం, రెండూ వాడినవాళ్లలో 8 శాతం! చాలా పెద్ద తేడా. కానీ ఆరు నెలలకు 38, 27. ఆ తేడాను యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పలేకపోయారు. ఆ మొదటి నెల దాటించడం కూడా చిన్న సంగతి కాదని నా నమ్మకం. ఆ తర్వాత మనిషి నిలబడాలంటే తాగుడు మానాల్సిందే, దానికి ఏ జోడీ మాత్రా బదులు కాదు.

స్టెరాయిడ్‌కు యాంటీబయాటిక్ కలిపి చూసిన 2023 ఫ్రాన్స్, బెల్జియం పరీక్షలో ఇన్‌ఫెక్షన్లు తగ్గాయి గానీ, రెండు నెలల్లో మరణాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

మన పల్లెల్లో కామెర్లనగానే పసరు మందుకు పరుగెత్తుతారు. దయచేసి ఈ జబ్బుకు ఆ పని చేయకండి, రోజులు వృథా అవుతాయి. ఆస్పత్రిలో స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూశారా అని అడగండి. ఏడో రోజు బిలిరుబిన్ రిపోర్టు వచ్చాక మళ్లీ అడగండి: ఇది పనిచేస్తోందా, కొనసాగిస్తారా, ఆపేస్తారా?