ఉగాది పచ్చడి రుచిని ఎస్పెరాంటోలో చెప్పడం

నమస్కారం. వేర్వేరు దేశాలవాళ్ళు మాట్లాడుకోవడానికని జామెన్‌హోఫ్ అనే ఆయన కల్పించి, 1887లో వార్సాలో ప్రకటించిన ఎస్పెరాంటో భాషలో రుచులను ఎలా చెప్పాలో ఈ వీడియోలో చూద్దాం. నా ముందున్న గిన్నెలో ఉగాది పచ్చడి ఉంది. ఆరు రుచులూ ఇందులోనే దొరుకుతాయి కనుక వేరే వంటకం వెతకవలసిన పని లేదు.

తెర మీద ఎడమవైపు పట్టీ చూడండి. తీపి దోల్చ, పులుపు అత్సీద, ఉప్పన సాల, చేదు అమార. విశేషణాలన్నీ అకారంతో ముగుస్తాయి, అంతే. మామిడి పిందె కొరికితే నాలుక బిగదీసుకుపోయే ఆ వగరును అద్‌స్త్రింగ అంటారు. కారానికి అక్ర అనవచ్చు, కత్తి పదునుకూ అదే మాట. గుచ్చుకునేది అనే అర్థంలో పీక అనేవారూ ఉన్నారు. కారం తగిలేది పీకకే కాబట్టి నేను రెండోదాన్నే వాడతాను.

మోతాదు చెప్పడం సులువు. కొంచెం తియ్యనిది దోల్చేత, మరీ తియ్యనిది దోల్చేగ. రెండు రుచులు కలిస్తే రెండు మాటలూ కలపండి: బెల్లం, చింతపండు కలిసిన తీపి పులుపు దోల్చత్సీద.

ఇక్కడ మాత్రం కాస్త ఆగుదాం, ఎందుకంటే నేను తప్పు చేసింది ఇక్కడే. రుచికి గుస్తొ అంటారు కదా అని, పచ్చడి బాగా రుచి చూశానని చెప్పబోయి, ఒక ఎస్పెరాంటో మిత్రుడికి ‘మి బోనె గుస్తిస్’ అని రాశాను. దానికి అర్థం ‘నేను రుచిగా ఉన్నాను’ అని! ఎవరు తిని చూశారని ఆయన అడిగాడు. మళ్ళీ చెబుతున్నాను, తెర మీద రెండు వాక్యాలనూ పక్కపక్కనే చూడండి: పచ్చడికి రుచి ఉండటం గుస్తి, మనం రుచి చూడటం గుస్తుమి. మధ్యలో చేరిన ‘ఉమ్’ అనే ప్రత్యయానికి స్థిరమైన అర్థమేదీ లేదు, కాబట్టి సూత్రం కోసం వెతకకుండా ఆ మాటను ఉన్నదున్నట్టుగా గుర్తుపెట్టుకోవాలి.

అన్నట్టు, దోల్చలో సి అక్షరం మీద టోపీ కోసం కీబోర్డు మార్చనక్కరలేదు. సి పక్కన ఎక్స్ కొడితే ఎస్పెరాంటో వాళ్ళకు అర్థమవుతుంది, నేను ఇప్పటికీ అలాగే కొడతాను.

ఇక పూర్తి వాక్యం రాద్దాం. గుస్తికి వర్తమాన రూపం గుస్తస్, దాని తరువాత వచ్చే మాట చివరి అకారం ఎకారమవుతుంది: ‘పచ్చడి గుస్తస్ దోల్చత్సీదె కయ్ అమరేతె’, అంటే పచ్చడి తీపి పులుపుగా, కొంచెం చేదుగా ఉంది. ఇప్పుడు ఒక చెంచా నోట్లో వేసుకుంటున్నాను, మి గుస్తూమస్. బెల్లం బాగా ఎక్కువైంది. తెర మీద దోల్చత్సీదెను కొట్టేసి దోల్చేగె అని రాస్తున్నాను.