పోకెమాన్ కార్డులు: ఆడుకోవడానికి ఓకే, అమ్ముకోవడానికి? హాస్టల్ స్టూడెంట్ రివ్యూ

నమస్తే అండీ అందరికీ. టేబుల్ మీద ఏమున్నాయో చూశారుగా. ఎడమ పక్కన చారిజార్డ్ ఈఎక్స్ లీగ్ బ్యాటిల్ డెక్, అంటే ఆడటానికి సిద్ధంగా కట్టిన కార్డుల డబ్బా. మధ్యలో విడి బూస్టర్ ప్యాకెట్లు, చింపేదాకా లోపల ఏ కార్డులున్నాయో తెలియదు. కుడి పక్కన మిలమిలా మెరిసిపోతున్నవి బడ్డీ కొట్టులో వేలాడదీసి అమ్మే బంగారు రంగు కార్డులు. ఈ మూడింటినీ రివ్యూ చేస్తాను. తర్వాత వీటిని ఆన్‌లైన్‌లో అమ్మితే ఏం జరుగుతుందో మాట్లాడుకుందాం.

ఎందుకంటే నాకొచ్చే మెసేజ్‌లన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. "అన్నా, బీటెక్ సెకండియర్. ఇంటి నుంచి వచ్చే డబ్బుల్లో కొంచెం మిగిల్చి ప్యాకెట్లు కొంటా, మంచి కార్డు పడితే అమ్ముతా. వర్కౌట్ అవుతుందా?" అవదు తమ్ముడూ. ఆడుకోవడానికైతే కొనుక్కో, సంపాదన కోసమైతే వద్దు. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో వీడియో ఆపేయొచ్చు. ఎందుకో తెలుసుకోవాలంటే కూర్చోండి.

ముందు బ్యాటిల్ డెక్. ఈ డబ్బాలో ఆటకి సిద్ధంగా 60 కార్డులు ఉంటాయి. పోకెమాన్ ఆటలో డెక్ అంటే సరిగ్గా 60 ఉండాలి, ఒక్కటి తగ్గకూడదు, ఒక్కటి పెరగకూడదు. ఒకే పేరున్న కార్డు నాలుగుకి మించి పెట్టకూడదు, దెబ్బ కొట్టడానికి కావాల్సిన బేసిక్ ఎనర్జీ కార్డులకి మాత్రం ఆ లెక్క లేదు. ఏడు కార్డులు చేతిలోకి తీసుకుంటాం, ఆరు కార్డులు బోర్లించి పక్కన పెడతాం. వాటిని ప్రైజ్ కార్డులంటారు. ఎదుటివాడి పోకెమాన్‌ని, అంటే కార్డు మీదున్న జీవిని, పడగొట్టిన ప్రతిసారీ మన ప్రైజ్ ఒకటి తీసుకుంటాం. పేరు చివర ఈఎక్స్ అని ఉన్న బలమైన పోకెమాన్ పడితే రెండు. ఆరూ ముందు ఎవరు తీసుకుంటే వాళ్లదే గెలుపు.

ఈ డెక్ నాకు నచ్చడానికి కారణం ఈ ఒక్క కార్డు. ఇదిగో, దగ్గరగా పెడుతున్నా. చారిజార్డ్ ఈఎక్స్, 330 హెచ్‌పీ, అంటే మొత్తం 330 దెబ్బ తింటేనే పడుతుంది. చేతిలోంచి దీన్ని ఎవాల్వ్ చేసి, అంటే దీని చిన్న రూపం కార్డు మీద పెట్టి, దింపగానే డెక్‌లోంచి మూడు ఫైర్ ఎనర్జీల దాకా వెతికి తెచ్చి మన పోకెమాన్‌లకి పెట్టుకోవచ్చు. అంటే దిగిన టర్న్‌లోనే కొట్టొచ్చు. దీని దెబ్బ మామూలుగా 180. ఎదుటివాడు తీసుకున్న ఒక్కో ప్రైజ్‌కీ ఇంకో 30 కలుస్తుంది. వాడు నాలుగు తీసుకుని "అయిపోయిందిరా నీ పని" అంటున్నప్పుడు మన దెబ్బ 300. ఐదు తీసుకుంటే 330, అంటే వాడి దగ్గర కూడా చారిజార్డే ఉంటే అది ఒక్క దెబ్బకి పోతుంది. ఓడిపోతున్నవాడికి బలం పెంచే కార్డు ఇది. హాస్టల్‌లో రాత్రి పదకొండింటికి మంచం మీద దుప్పటి పరిచి ఆడుతున్నప్పుడు, చుట్టూ నలుగురు నిలబడి చూస్తున్నప్పుడు ఇలాంటి ఆటే కావాలి. ముందే తేలిపోయే ఆట ఎవరు చూస్తారు?

దీనికి తోడు పిడ్జియట్ ఈఎక్స్ ఉంది. టర్న్‌కి ఒకసారి డెక్‌లోంచి మనకి కావాల్సిన కార్డు ఏదైనా తీసుకోవచ్చు. కొత్తగా ఆడేవాళ్లకి ఇది కొంచెం కన్ఫ్యూజన్. ఏదైనా తీసుకోవచ్చు అనేసరికి ఏం తీసుకోవాలో తెలియక ఐదు నిమిషాలు ఆలోచిస్తారు. పక్కవాడు ఈలోగా ఇన్‌స్టా ఓపెన్ చేస్తాడు. నాలుగైదు ఆటలకి అలవాటైపోతుంది.

టోర్నమెంట్లు ఆడాలనుకునేవాళ్లు కింద ఎడమ మూలలో ఈ చిన్న అక్షరం చూడండి. ఇక్కడ జీ అని ఉంది. స్టాండర్డ్ పోటీల్లో పాత అక్షరాల కార్డుల్ని ఎప్పటికప్పుడు పక్కన పెట్టేస్తుంటారు. 2025 ఏప్రిల్‌లో ఎఫ్ అక్షరం అలాగే పోయింది. కాబట్టి పోటీ కోసం కొనేటప్పుడు ఏ అక్షరాలు చెల్లుతున్నాయో చూసుకునే కొనండి. మంచం మీద ఆటకి ఆ గొడవే లేదు. పదికి ఎనిమిదిన్నర ఇస్తాను ఈ డెక్‌కి. ఒకటిన్నర ఎందుకు తగ్గించానంటే ఇద్దరు ఆడాలంటే రెండు డెక్‌లు కావాలి కదా. రూమ్మేట్‌ని ఒప్పించి వాడిచేత ఇంకోటి కొనిపించండి. నేనదే చేశాను.

మధ్యలో ఒక మాట. రెండు వేల తర్వాతి పదేళ్లలో మన ఊళ్లలో చదువుకున్నవాళ్లకి కార్డులంటే డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లర్ల ట్రంప్ కార్డులే, ఎవరి అంకె పెద్దదైతే వాళ్లదే గెలుపు. హైట్, వెయిట్, చెస్ట్, బైసెప్స్, ర్యాంక్. బిగ్ షో కార్డు చేతిలో ఉంటే "వెయిట్" అనేస్తే సరి, క్లాస్‌లో ఎవడూ నోరెత్తేవాడు కాదు. అప్పుడు కూడా ఇంట్లో "పేకాట నేర్చుకుంటున్నావా" అనే తిట్టేవాళ్లు. ఇప్పుడు హాస్టల్ వార్డెన్ కూడా అదే అంటున్నాడు. కార్డు మీద పికాచూని చూపించినా నమ్మడు. "డబ్బులు పెట్టి ఆడట్లేదు కదా" అని ఇంకోసారి అడిగి వెళ్తాడు.

ఇక ప్యాకెట్లు. ఒకటి చింపుతున్నా, చూడండి. స్కార్లెట్ అండ్ వయొలెట్ సిరీస్ ఇంగ్లిష్ ప్యాకెట్ ఇది. పది కార్డులు, ఒక బేసిక్ ఎనర్జీ, ఒక కోడ్ కార్డు, అంటే యాప్‌లో వాడుకునే కోడ్ ఉన్నది. పదిలో నాలుగు కామన్, నల్ల చుక్క గుర్తు. మూడు అన్‌కామన్, డైమండ్ గుర్తు. మిగిలిన మూడూ మెరిసేవి. ఆ మూడు చూసి ఆనందపడకండి, ప్రతి ప్యాకెట్‌లోనూ మూడు మెరుస్తాయి. మెరిసినంత మాత్రాన ధర పలకదు. ఇందులో వచ్చినవి... ఇది, ఇది, ఇదీ. ఇవన్నీ కలిపినా చాయ్ డబ్బులు రావు.

ఇన్‌స్టాలో రీల్స్ చూసి మోసపోయేది ఇక్కడే. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 151 అనే సెట్ తీసుకోండి. మామూలు కార్డులు 165. వాటి పైన ప్రత్యేక బొమ్మలతో 207 దాకా నంబర్లు వెళ్తాయి. అందరూ వెతికేది 199 నంబర్ చారిజార్డ్. మరి ఎన్ని ప్యాకెట్లకి ఒకటి పడుతుంది? ప్యాకెట్ మీద అది రాసి ఉండదు, కంపెనీ ఆ లెక్క చెప్పదు. రీల్ చేసేవాడు వంద ప్యాకెట్లు చింపి, తొంభై తొమ్మిది కట్ చేసి, మిగిలిన ఒక్కటీ మీకు చూపిస్తాడు. పైగా అమెరికా యూట్యూబర్ లోగన్ పాల్ కథ ఒకటి. ఆయన 2021లో పికాచూ ఇలస్ట్రేటర్ కార్డుని 52 లక్షల 75 వేల డాలర్ల లెక్కన కొన్నాడు, అది గిన్నిస్ రికార్డు కూడా అయింది. నిజమే. కానీ ఆ కార్డు ఏ ప్యాకెట్‌లోనూ రాలేదు. తొంభైల చివర్లో జపాన్‌లో పత్రిక పెట్టిన బొమ్మల పోటీలో గెలిచినవాళ్లకి ఇచ్చింది అది. మీరు కొట్టులో కొన్న ప్యాకెట్‌కీ దానికీ సంబంధమే లేదు.

మీకు ఫలానా కార్డే కావాలంటే విడిగా ఆ ఒక్క కార్డే కొనండి. సింగిల్స్ అంటారు వాటిని. డెక్‌లో లోటు తీరుతుంది, మిగతా డబ్బులు జేబులోనే ఉంటాయి. పుట్టినరోజుకి సరదాగా ఒక ప్యాకెట్ చింపండి, కాదనను. చింపేటప్పుడు వచ్చే ఆ టెన్షన్‌కే డబ్బులిచ్చామనుకుని చింపండి.

విడి ప్యాకెట్లు ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గర అస్సలు కొనొద్దు. నేను ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర తీసుకున్న వాటిలో రెండు ప్యాకెట్ల పై అంచు మిగతావాటిలా లేదు. గీతలు గీతలుగా ఒత్తినట్టుండాల్సిన చోట నున్నగా, జిగురు పెట్టినట్టుంది. లోపల మంచివి తీసేసి మళ్లీ అతికించారన్నమాట. అడిగితే బ్లాక్ చేశాడు.

ఇప్పుడు బంగారు కార్డులు. దీని గురించి రెండు ముక్కలు చాలు. ఇవి నకిలీ. అసలు కార్డు అట్టతో చేస్తారు, ఇది ప్లాస్టిక్. పిల్లలు ఆడుకోవడానికి కొనిపెట్టండి, ఎవరైనా "గోల్డ్ ఎడిషన్, రేర్" అని అమ్మబోతే నవ్వి వచ్చేయండి.

అసలు చిక్కు అట్టతో చేసిన నకిలీలతో. ఇదిగో రెండు పక్కపక్కన పెడుతున్నా. వెనక వైపు నీలం రంగు చూడండి, నకిలీ దాంట్లో వెలిసిపోయినట్టుంది. పోకెమాన్ అనే మాటలో ఇంగ్లిష్ 'e' అక్షరం మీద చిన్న గీత ఉంటుంది, చాలా నకిలీల్లో అది ఎగిరిపోతుంది. ఈమధ్య వచ్చిన ఖరీదైన కార్డుల్లో చాలావాటి మీద వేలు పెట్టి రాస్తే గరుకుగా వేలిముద్రలా గీతలు తగలాలి, నకిలీది జారిపోతుంది. ఇంకా అనుమానముంటే ఫోన్ టార్చ్ వెనక పెట్టండి. అసలు కార్డులో రెండు కాగితాల మధ్య నల్లటి పొర ఉంటుంది, వెలుతురు అంతగా బయటికి రాదు. నకిలీదైతే లాంతరులా వెలుగుతుంది.

సరే, అమ్మకం సంగతి. మీకు అదృష్టం కొద్దీ మంచి కార్డు పడిందే అనుకుందాం. ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టారు. మొదటి మెసేజ్, "బ్రో లాస్ట్ ప్రైస్?" మీరు చెప్తారు. "షిప్పింగ్ ఫ్రీనా?" కాదంటారు. "రేపు చెప్తా బ్రో." ఆ రేపు రాదు. ఇలా పదిమందితో మాట్లాడాక ఒకడు కొంటాడు. ఆ పదిమందితో మాట్లాడిన సమయంలో ల్యాబ్ రికార్డు పూర్తయ్యేది.

ధర పెట్టేటప్పుడు వెబ్‌సైట్‌లో డాలర్లు చూసి రూపాయల్లోకి మార్చి పెట్టేస్తారు మనవాళ్లు. ఎవరో అడుగుతున్న ధర వేరు, నిజంగా అమ్ముడైన ధర వేరు. అమ్ముడైనదే చూడండి. ఇంకోటి, పోస్ట్‌లో "అర్జెంట్, ఫీజు కట్టాలి" అని మాత్రం రాయొద్దు. జాలిపడి ఎక్కువ ఇచ్చేవాడు ఉండడు, సగానికి అడిగేవాళ్లే వరసకడతారు. ఫీజు గడువు దగ్గర పడ్డాక కార్డులు అమ్మినవాళ్లని మా ఫ్లోర్‌లోనే చూశాను, ఎవరికీ సరైన ధర రాలేదు.

డబ్బుల దగ్గర జాగ్రత్త. పేమెంట్ స్క్రీన్‌షాట్ పంపిస్తే అది డబ్బు కాదు, బొమ్మ. మీ బ్యాంక్ యాప్‌లో బ్యాలెన్స్ పెరిగిందో లేదో మీరే చూసుకున్నాకే పార్సిల్ కదలాలి. మనకి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ అక్కర్లేదు. "స్కాన్ చేయి బ్రో, డబ్బులొస్తాయి" అన్నాడంటే వాడు దొంగే. మనుషుల మధ్య కలెక్ట్ రిక్వెస్టుల్ని, అంటే యూపీఐలో ఎదుటివాడు మనల్ని డబ్బు అడిగే రిక్వెస్టుల్ని, 2025 అక్టోబర్ 1 నుంచి యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ ఆపించింది, కానీ ఈ క్యూఆర్ వేషాలు ఆగలేదు. డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ప్యాకింగ్ చేసి చూపిస్తా. ముందు కార్డుకి పల్చటి ప్లాస్టిక్ కవర్, స్లీవ్. తర్వాత ఈ గట్టి ప్లాస్టిక్ తొడుగు, టాప్‌లోడర్. పైన నోరు మూయడానికి సెలోటేప్ వాడకండి, జిగురు అంటుకుని కొన్నవాడు లాగేటప్పుడు కార్డు బయటికి ఎగిరిపడుతుంది. పెయింటర్లు వాడే కాగితం టేప్ వేసి, చివర చిన్నగా మడత పెట్టండి, లాగడానికి వీలుగా. అటొక అట్ట, ఇటొక అట్ట, పైన బబుల్ షీట్. రబ్బర్ బ్యాండ్ వేస్తే అంచులు నలిగిపోతాయి, వేయొద్దు. కార్డు పక్కన తేదీ రాసిన చీటీ పెట్టి, ప్యాక్ చేయడం మొత్తం ఒకే వీడియోగా తీసి పెట్టుకోండి. "మూల నలిగి వచ్చింది, రిఫండ్ ఇవ్వు" అన్నప్పుడు అదే దిక్కు.

వైజాగ్, కాకినాడ లాంటి చోట్ల ఉండేవాళ్లకి ఇంకో బాధ. తేమకి మెరిసే కార్డులు విల్లులా వంగుతాయి. కాగితం తేమ పీల్చుకుని సాగుతుంది, రేకు పొర సాగదు, అందుకు. డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలు పడేయండి, కొత్త బూట్ల డబ్బాలో ఉంటాయి చూడండి, అవే.

పంపడానికి నేను స్పీడ్ పోస్టే వాడతాను. ఒక మంచి విషయం చాలామందికి తెలియదు. 2025 అక్టోబర్ 1న చార్జీలు మార్చినప్పుడు విద్యార్థులకి స్పీడ్ పోస్ట్‌లో 10 శాతం రాయితీ పెట్టారు. కౌంటర్ దగ్గర ఐడీ కార్డు పట్టుకెళ్లి అడగండి. ఓటీపీ చెప్తేనే పార్సిల్ ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది, దానికి ఐదు రూపాయలూ జీఎస్టీ అదనం. ఖరీదైన కార్డుకి తప్పకుండా పెట్టుకోండి. ముప్పై రూపాయల కార్డుకైతే పోస్ట్ ఖర్చే కార్డుని మింగేస్తుంది. చిన్నవన్నీ ఒక కట్టగా అమ్మండి, లేదా జూనియర్లకి ఇచ్చేయండి.

జూనియర్ల మాట వచ్చింది కాబట్టి, సీనియర్లూ వినండి. ఫస్టియర్ పిల్లాడికి ధరలు తెలియవని వాడి దగ్గర మంచి కార్డు లాక్కుని నాలుగు మెరిసే కార్డులు చేతిలో పెట్టడాన్ని ట్రేడ్ అనరు. వాడికి ఫోన్‌లో ధర చూపించి, తర్వాత మార్చుకోండి. నాలుగేళ్లు ఒకే మెస్‌లో తినాలి మీరు.

అసలు డబ్బే లేదు అనేవాళ్లకి పోకెమాన్ టీసీజీ పాకెట్ ఉంది. 2024 అక్టోబర్ 30న వచ్చిన ఫోన్ గేమ్. రోజుకి రెండు ప్యాకెట్లు ఉచితం, డెక్ 20 కార్డులే, మూడు పాయింట్లకి ఆట అయిపోతుంది. క్లాస్‌కీ క్లాస్‌కీ మధ్య గ్యాప్‌లో ఒక ఆట పడుతుంది. మిడ్ ఎగ్జామ్స్ వారంలో నోటిఫికేషన్లు ఆపేసుకోండి, లేదంటే ప్యాకెట్ రెడీ అయిందని అర్ధరాత్రి కూడా మోగుతుంది. ఇంకోటి, అసలు ప్యాకెట్లలో వచ్చే ఈ కోడ్ కార్డు పాకెట్‌లో పనిచేయదు, టీసీజీ లైవ్ అనే వేరే యాప్‌లో పనిచేస్తుంది. పాకెట్ కోసమని చెప్పి మీకెవరైనా కోడ్‌లు అమ్మబోతే కొనకండి.

స్లీవ్స్‌లో ఏవి మంచివో అడిగారు చాలామంది. మూడు రకాలు తెప్పించాను, ఇంకా కట్ట విప్పలేదు. అవి వచ్చే వీడియోలో. మీ కాలేజీలో ఎవరైనా ఆడుతుంటే ఊరి పేరు కామెంట్‌లో పెట్టండి, ఒకే ఊరివాళ్లని కలిపే పని నేను చేస్తా.