సూత్రం వెతికే ముందు యూనిట్ చూడండి

[తెర మీద: తెల్ల కాగితం, పెన్సిల్ పట్టుకున్న చెయ్యి]

లెక్క చదవగానే ఏ సూత్రం వాడాలా అని వెతుకుతాం కదా, ఈ రోజు ఆ పని కాసేపు పక్కన పెడదాం. ఇచ్చిన ప్రతి అంకె పక్కన యూనిట్ ఏముంది, జవాబుకి ఏ యూనిట్ రావాలి, ముందు ఇవి రాసుకుందాం.

[తెర మీద: గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు బ్రేక్ వేశాక 4 సెకన్లలో ఆగింది. వేగం ఒకే తీరున తగ్గితే, ఈలోపు ఎంత దూరం వెళ్లింది?]

వేగం గంటల్లో ఇచ్చారు, కాలం సెకన్లలో ఇచ్చారు. ఈ రెండిటికీ పొసగదు. కిలోమీటరుకు 1000 మీటర్లు, గంటకు 3600 సెకన్లు కాబట్టి 72ను 3.6తో భాగిస్తే సెకనుకు 20 మీటర్లు. అది సమంగా తగ్గుతూ సున్నాకి వచ్చింది కాబట్టి సగటు వేగం 10. దాన్ని 4తో గుణిస్తే 40 మీటర్లు. మీటరు/సెకను × సెకనులో కింద ఉన్న సెకను, పైన ఉన్న సెకను కొట్టేస్తే మీటరు మిగిలింది. అడిగింది దూరమే. మార్చకుండా 72తోనే చేసుంటే 144 వచ్చేది, దాని పక్కన ఏ యూనిట్ రాయాలో తెలిసేది కాదు.

[తెర మీద: 4 గ్రాముల హైడ్రోజన్‌ను చాలినంత ఆక్సిజన్‌లో పూర్తిగా మండిస్తే ఎన్ని గ్రాముల నీరు వస్తుంది?]

దీని దగ్గర నిదానంగా వెళ్దాం. రెండు వైపులా పరమాణువులు సమానంగా ఉండేలా రాసిన సమీకరణంలో (2H₂ + O₂ → 2H₂O) హైడ్రోజన్ ముందు 2, నీటి ముందు కూడా 2. అది చూసి "4 గ్రాములకు 4 గ్రాములే" అని రాసేస్తుంటారు. కానీ ఆ 2 గ్రాములు కాదండీ, అణువుల లెక్క. త్రాసు గ్రాములు చూపిస్తుంది, సమీకరణం అణువుల్ని లెక్కపెడుతుంది. ఆ రెండిటినీ కలిపేదే మోల్. డజను అంటే 12 అన్నట్టే, మోల్ అంటే సుమారు 6.022 × 10²³. అంతకంటే భయపడాల్సిందేమీ లేదు.

[చెయ్యి ఒక్కో వరుసా రాస్తుంది]

ఒక మోల్ హైడ్రోజన్ వాయువు 2 గ్రాములు. అంటే మన దగ్గరున్నది 2 మోల్‌లు. సమీకరణం ప్రకారం నీరు కూడా 2 మోల్‌లు. ఒక మోల్ నీరు 18 గ్రాములు. మొత్తం 36 గ్రాములు.

[వరుస కింద గీత గీస్తుంది]

సరిచూద్దాం. ఆక్సిజన్ 1 మోల్ పట్టింది, 32 గ్రాములు. దానికి 4 కలిపితే 36. నీరు 4 గ్రాములే అయితే, ఆ 32 గ్రాముల ఆక్సిజన్ ఎక్కడికి పోయినట్టు?

[తెర మీద: 9 గ్రాముల నీటిని విద్యుత్తుతో పూర్తిగా విడగొడితే ఎంత హైడ్రోజన్ వస్తుంది?]

వీడియో ఆపి చేయండి. ఆక్సిజన్ కూడా కనుక్కుని, రెండూ కూడి చూడండి.