గుర్రానికి కైనీసియో టేప్: జిగురు బ్రహ్మాండం, కాగితం తలనొప్పి | మూడు రోజుల రివ్యూ

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ రెండు రోల్స్ కంపెనీ వాళ్ళు ఉచితంగా పంపారు. డబ్బులేం ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. అడిగుంటే టేప్ వెనకుండే కాగితం గురించి మాట్లాడబోయేదంతా కట్ చేయించేవాళ్ళు. వెడల్పు, పొడవు, నీళ్ళకు ఆగుతుందా లేదా, ఇవన్నీ డబ్బా మీదే ఉన్నాయి, మీరు చూసే ఉంటారు. రంగుల సంగతి ఒక్క ముక్క: నీలమైనా గులాబీ అయినా గుడ్డ ఒకటే, జిగురు ఒకటే. రంగుని బట్టి వైద్యం మారదు.

1970లలో జపాన్‌లో కెంజో కాసే అనే కైరోప్రాక్టర్ ఈ రకం టేప్‌ని మనుషుల కోసం తయారుచేశాడు. నూలు గుడ్డ, అందులో సాగే దారం, వెనక అక్రిలిక్ జిగురు. పొడవుకే సాగుతుంది, అడ్డంగా సాగదు. చర్మాన్ని కొంచెం పైకి లేపి కింద రక్తం, లింఫ్ (కణజాలంలో ఊరే నీరు) కదలడానికి చోటిస్తుందన్నది దీని వెనకున్న లెక్క. మనిషికైతే చర్మం మీదే అంటుకుంటుంది. గుర్రానికి? వెంట్రుకల మీద అంటుకుంటుంది. వెంట్రుకని పట్టుకుని దాని ద్వారా చర్మాన్ని కదపాలి. సగం గొడవంతా ఇక్కడే.

కెమెరా కొంచెం దగ్గరికి తే. జిగురు చూడండి, సమంగా పూసి లేదు. అలలు అలలుగా ఉంది, మధ్యలో సన్నటి ఖాళీ గీతలు. చెమట ఆవిరి పోవడానికి ఆ దారి. ఇది మనుషుల టేప్, పక్కన పెడుతున్నా. దీని పూత ఎంత పల్చగా ఉందో చూశారా? మెడికల్ షాపులో దొరికే టేప్‌నే గుర్రానికీ వాడొచ్చా అని అడిగేవాళ్ళందరికీ జవాబు ఇదే. అంటించొచ్చు, కానీ ఆగదు. ఒకే జబ్బ మీద రెండూ పక్కపక్కన వేసి 20 నిమిషాలు ట్రాట్ (నెమ్మది పరుగు) చేయించాం. మనుషుల టేప్ నాలుగు మూలలూ లేచిపోయాయి. ఈ గుర్రం టేప్‌కి ఒక్క మూల కూడా లేవలేదు. నిజంగా మెచ్చుకోవాల్సిన విషయం అండీ.

ఎందుకంటే గుర్రం చెమట మన చెమట లాంటిది కాదు. అందులో లాథెరిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, అది సబ్బులా పనిచేస్తుంది. జీను కింద, తొడల మధ్య తెల్లగా నురగ కడుతుందే, దాని వల్లే. జిడ్డు పట్టిన వెంట్రుకని కూడా తడిపి, చెమటని చర్మం నుంచి బయటికి పాకించి ఆరనివ్వడం దాని పని. గుర్రానికి మంచిదే, జిగురుకి మాత్రం శత్రువు. అంచు కొద్దిగా లేచిందంటే నురగ లోపలికి దూరి మొత్తం టేప్‌ని ఊడగొడుతుంది. హైదరాబాద్‌లో వానాకాలం, గాలిలో తేమ, పొద్దున్నే వర్కౌట్ కలిస్తే చెప్పక్కర్లేదు. ఇలాంటి వాతావరణంలో మూడో రోజు పొద్దున దాకా నిలబడిందంటే జిగురుకి ఫుల్ మార్కులు.

మనకి ఇంకో అదృష్టం కూడా ఉంది. చలిదేశాల్లో శీతాకాలం గుర్రానికి ఒత్తుగా బొచ్చు పెరుగుతుంది, టేప్ దాని మీద తేలుతుంది తప్ప పట్టదు. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు వెంట్రుక పొట్టిగా, నున్నగా ఉంటుంది.

అయితే మనం చేసే తప్పు వేరే. వేప నూనె. ఈగలు వాలకుండా పొద్దున్నే సాయిస్ (గుర్రాన్ని చూసుకునే అతను) ఒళ్ళంతా రాసేస్తాడు, తప్పు పట్టడానికి లేదు. కానీ నూనె పట్టిన వెంట్రుక మీద ప్రపంచంలో ఏ టేపూ అంటదు. ఈగల స్ప్రే, మెరుపు కోసం కొట్టే సిలికాన్ స్ప్రే, కర్పూరం వాసనొచ్చే మాలిష్ మందు, అన్నీ అంతే. టేప్ వేసే ముందు రోజు నుంచే ఆ చోట ఏమీ రాయొద్దు. రబ్బర్ బ్రష్‌తో గుండ్రంగా తిప్పుతూ చుండు, దుమ్ము లేపేయాలి. గుడ్డని సర్జికల్ స్పిరిట్‌లో తడిపి వెంట్రుక వాలున తుడవాలి. పూర్తిగా ఆరాలి. తడి మీద వేస్తే అప్పటికి అంటుకున్నట్టే ఉంటుంది, గంటలో ఊడుతుంది. గాయం ఉన్న చోట స్పిరిటూ వద్దు, టేపూ వద్దు.

సరే, ఇక కాగితం. చాలా టేపుల వెనక కాగితం మీద గళ్ళ గీతలు ఉంటాయి. కత్తెర పెట్టి ఎక్కడ ఆపాలో, ఎన్ని పాయలు చీల్చాలో ఆ గీతలే చెబుతాయి. వీళ్ళు ఏం చేశారంటే, గీతలు తీసేసి వాళ్ళ లోగో అచ్చేశారు. కాగితం నిండా లోగోనే. అది కూడా ఏటవాలుగా! గుర్రపుశాల స్టాల్‌లో ఒక చేత్తో గుర్రాన్ని నిమురుతూ, ఇంకో చేత్తో కత్తెర పట్టుకుని, 5 సెంటీమీటర్ల వెడల్పుని ఐదు సమాన పాయలు చేయాలి. ఏ ఆధారంతో? లోగోలో అక్షరాలు లెక్కపెట్టుకోవాలా? నేను చివరికి స్కేలు, బాల్‌పెన్ తీసుకుని గీతలు గీశాను. ఈ ధర పెట్టిన రోల్‌కి ఇంటి దగ్గర గీతలు కొట్టుకోవడమేంటండీ?

పైగా ఈ కాగితం గట్టిది. మధ్యలో చింపితే టప్‌మని మోగుతుంది. మనకది చిన్న చప్పుడే, గుర్రం మాత్రం చెవులు వెనక్కి వాల్చేస్తుంది. అందుకని కాగితం చింపే పని గుర్రానికి దూరంగా, ముందే చేసేయండి. చివరి 5 సెంటీమీటర్ల దగ్గర చింపి, ఆ ముక్కని అలాగే ఉంచి తీసుకురండి. టేప్ తగలగానే ఈగ వాలినట్టు చర్మం టపటపా కొట్టుకుంటుంది, కంగారు పడొద్దు. ముందు అరచెయ్యి ఆ చోట పెట్టి కాసేపు ఉంచండి, తర్వాత టేప్.

డబ్బాలో పెట్టిన పాంప్లెట్‌లో ఇంకో ఘోరం ఉంది. ఫోటోలో అతను టేప్‌ని రబ్బర్ బ్యాండ్‌లా చివరిదాకా లాగి అంటిస్తున్నాడు. అలా చేయకండి. ఈ రకం టేప్‌ని కాగితం మీద అంటించేటప్పుడే దాదాపు 10 శాతం సాగదీసి ఉంచుతారు. 50 సెంటీమీటర్ల ముక్క కాగితం నుంచి పూర్తిగా ఒలిచి వదిలేస్తే 45 దగ్గరికి ముడుచుకుంటుంది, చూడండి. అంటే కాగితం నుంచి వస్తున్నదాన్ని వస్తున్నట్టు వేస్తే చాలు, ఆ 10 శాతం అందులోనే ఉంది. కండరానికి అంతకంటే కొంచెం ఎక్కువ లాగొచ్చు, వాపుకి అసలు లాగొద్దు. రెండు చివర్లూ, అంటే నాలుగైదు సెంటీమీటర్లు, ఎప్పుడూ సున్నా. ఒక్క పిసరు లాగినా మొత్తం టేప్ ఆ చివరనే గుంజుతుంది, మొదట లేచేది అదే. ఎక్కువ లాగితే కింద వెంట్రుక మొదళ్ళు గుంజుకుని దురద పుడుతుంది. గుర్రం నోటితో అందుకుని పీకేస్తుంది, టేప్‌తో పాటు వెంట్రుకలూ పోతాయి. మూలలు గుండ్రంగా కత్తిరించడం మర్చిపోకండి. ఇసుకలో దొర్లినప్పుడు మొదట పట్టుకునేది చదరపు మూలే.

నడుముకి వేద్దాం. మూపు వెనక నుంచి పిరుదు దాకా, వెన్నెముకకి ఒక పక్క. ఈ గుర్రానికి 75 సెంటీమీటర్లు పట్టింది, రెండు పక్కలకీ కలిపి మీటరున్నర. ఐదు మీటర్ల రోల్ మూడుసార్లకి వస్తుంది. అన్నా, క్యారెట్ మోకాళ్ళ మధ్య కింద పట్టుకో. ఆ, తల దించింది. నడుము పైకి ఉబ్బి కండరం సాగింది కదా, ఇప్పుడు వేయాలి. వెన్నెముక మీద కాదు, పక్కన మెత్తగా ఉన్న కండరం మీద. వేశాక అరచేత్తో వెంట్రుక వాలున గట్టిగా రుద్దండి, వేడికి జిగురు పట్టుకుంటుంది. క్యారెట్ ఇచ్చెయ్ అన్నా. తల ఎత్తింది, టేప్ మీద సన్నటి ముడతలు వచ్చాయి చూడండి. అవి రావాలి. ముడతలు రాకపోతే కండరం సాగకుండానే వేశారన్నమాట. వేశాక గంటసేపటి దాకా గుర్రాన్ని పనికి తీసుకెళ్ళకండి.

దీని మీద జీను మాత్రం వేయొద్దు. ఈ ముడతలే జీను కింద ఒరుసుకుని పుండవుతాయి. నడుము టేప్ విశ్రాంతి రోజుకీ, చేతి పగ్గంతో నడిపించే రోజుకీ. పోటీకి వెళ్ళేవాళ్ళు అక్కడి వెట్‌ని (పశువైద్యుణ్ణి) అడగకుండా టేప్‌తో రింగ్‌లోకి దిగకండి.

వాపు దగ్గరే నాకు ఈ టేప్ నచ్చింది. రాత్రంతా స్టాల్‌లో నిలబడితే కొన్ని గుర్రాలకి వెనక కాళ్ళు రెండూ ఫెట్‌లాక్ (గిట్టకి కాస్త పైనున్న కీలు) పైన ఉబ్బుతాయి. బొటనవేలితో ఐదు సెకన్లు నొక్కితే గుంట పడుతుంది. వేడి ఉండదు, కుంటడం ఉండదు, నడిపిస్తే తగ్గుతుంది. అలాంటి వాపుకే ఇది. ఒక్క కాలే వాచినా, వేడిగా ఉన్నా, కుంటుతున్నా, జ్వరమున్నా టేప్ పక్కన పెట్టి వెట్‌కి ఫోన్ చేయండి. అది ఇన్ఫెక్షన్ కావచ్చు, టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటిది) దెబ్బ కావచ్చు. హాక్ (వెనక కాలి మధ్యనుండే పెద్ద కీలు) కింద గుర్రానికి కండరమంటూ దాదాపు ఉండదు, టెండన్లూ, ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్లే. సాగే గుడ్డ ముక్క ఐదు వందల కిలోల జంతువు టెండన్‌ని కాపాడుతుందనుకోవడం నేల విడిచి సాము.

30 సెంటీమీటర్ల ముక్క. పైన 5 వదిలేసి, మిగతాది ఐదు పాయలుగా చీల్చాలి, విసనకర్రలా. చీల్చకుండా వదిలిన మొదలు పైన, హాక్‌కి కాస్త ఎగువన పడాలి. నీరు అటువైపే వెళ్ళాలి కాబట్టి. పాయలు కిందికి, వాపు మీద వేళ్ళు చాచినట్టు విడివిడిగా, లాగకుండా. ఇంకో ముక్క ఎదుటి పక్క నుంచి, రెండు వరసలూ గళ్ళలా కలిసేలా. కాలి చుట్టూ పూర్తిగా మాత్రం చుట్టకూడదు. ఇది బ్యాండేజ్ కాదు, చుడితే రక్తప్రసరణ ఆగుతుంది. వెనక కాలు కాబట్టి పక్కన నిలబడి చేయండి, వెనక కూర్చోకండి. మర్నాడు పాయలు తీసిన చోట వాపు తగ్గి, పాయల మధ్య మిగిలి ఉంటే చారలు కనిపిస్తాయి. ఈ కాలి మీద లీలగా ఉన్నాయి, వెలుతురు పక్కనుంచి పడితే తెలుస్తోంది. రోజూ నడిపిస్తూనే ఉన్నాం కాబట్టి, ఇదంతా టేప్ గొప్పే అనను.

కంపెనీ వాళ్ళ వెబ్‌సైట్ అయితే కండరం బలం పెరుగుతుంది, నడక మారుతుంది అని ఏదేదో రాసింది. 2017లో వియన్నా పరిశోధకులు ముంగాలి కండరాలకి ఇలాంటి టేప్ వేసి కొలిచారు. కాలు కదిలే తీరులో గానీ కండరం పనిలో గానీ తేడా కనిపించలేదు. 2020లో వచ్చిన ఇంకో అధ్యయనం ట్రాట్‌లో నడుము వంగడం, సాగడం చూసింది. అక్కడా అంతే. కాబట్టి నడక మారుతుందని కొనకండి.

మరి కొనాలా? బుర్ర చెప్పేది వద్దనే. గీతల్లేని కాగితం, తప్పుడు పాంప్లెట్, పెద్ద పెద్ద మాటలు. కానీ ఈ చెమటలో ఇంతలా నిలబడిన జిగురు చూశాక ఇంకో రోల్ ఆర్డర్ పెట్టేశా, ఏం చేస్తాం! వెనక కాళ్ళు వాచే గుర్రం ఉన్నవాళ్ళు కొనండి, స్కేలు మాత్రం మీరే తెచ్చుకోవాలి. మిగతావాళ్ళకి అక్కర్లేదు. రోల్‌ని ఎండలో నిలబెట్టిన కారులో మాత్రం వదలకండి, జిగురు కాగితానికే కరుచుకుంటుంది.

ఇప్పుడు తీసేద్దాం, మూడో రోజు. ఇందాక తిట్టిన వేప నూనె ఇక్కడ పనికొస్తుంది. టేప్ మీద, అంచుల వెంట బాగా పట్టించి పది నిమిషాలు వదిలేయాలి. పై అంచు నుంచి, వెంట్రుక వాలున, టేప్‌ని పైకి లాగకుండా దాని మీదే మడిచి చర్మానికి ఆనిస్తూ. ఇంకో చేత్తో చర్మాన్ని నొక్కి పట్టుకోవాలి. అన్నా, తల కొంచెం పట్టుకో… వచ్చేస్తోంది. జిగురు వైపు చూడండి, నాలుగైదు వెంట్రుకలే ఉన్నాయి. ఆగండి, ఈ చివర గుప్పెడు వచ్చాయి. చివర్లో నేనే కాస్త లాగి వేశానన్నమాట.