ఆపినవాళ్ల పేరు కూడా చెప్పండి

సభకు నమస్కారం. ప్రిన్సిపాల్ మేడమ్ గారికి, లెక్చరర్లకు, నన్ను పిలిచిన మైక్రోబయాలజీ పిల్లలందరికీ పేరుపేరునా నమస్కారాలు. సైన్స్ దినోత్సవమని, మన ఊరి శివార్లలో టీకాలు, మందుల కంపెనీలుండే ఆ జీనోమ్ వ్యాలీ ఉంది కదా, ‘జీనోమ్ వ్యాలీలో ఉద్యోగావకాశాలు’ అనే విషయం ఇచ్చారు. అది చివర్లో చూద్దాం. ముప్పై ఏళ్లు టీకాల క్వాలిటీ కంట్రోల్‌లో వైరస్ పరీక్షలు చేశాను. మైకు దొరికింది కాబట్టి ముందు నా మాట వినండి.

ఇందాక మన ఊరి గొప్ప చెప్పారు. 1997లో హెపటైటిస్-బి టీకా, తర్వాత రోటావైరస్ టీకా, కోవాక్సిన్, అన్నీ హైదరాబాదువే. నాకూ గర్వమే. కానీ తయారుచేసినవాళ్ల పేర్లు చెప్పుకుంటాం, ‘ఆగండి, ఇది బయటికి పోకూడదు’ అన్నవాళ్ల పేరు ఒక్కటీ చెప్పుకోం. బెర్నిస్ ఎడ్డీ పేరు విన్నవాళ్లు చేతులెత్తండి. ఒక్కరూ లేరా? అదే నా బాధ.

ఎడ్డీ గారు 1903లో అమెరికాలో పుట్టారు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌లో టీకాలు పరీక్షించడం ఆవిడ పని. పోలియో వైరస్‌ను ఫార్మాలిన్ అనే రసాయనంతో చంపి చేసిన కొత్త టీకా పరీక్షకొచ్చింది. కోతులకు ఎక్కిస్తే కొన్నింటికి కాళ్లు పడిపోయాయి. అంటే వైరస్ చావలేదు. పైవాళ్లకు చెప్పారు. వినలేదు. 1955 ఏప్రిల్‌లో టీకా విడుదలైంది. దాన్ని తయారుచేసిన కట్టర్ అనే కంపెనీ బ్యాచ్‌లు కొన్నింటిలో వైరస్ బతికే ఉంది. సుమారు 40 వేలమందికి పోలియో సోకింది, పదిమంది చనిపోయారు. ముందే చెప్పిన మనిషిని మాత్రం పోలియో పని నుంచే తప్పించారు!

అయినా ఆవిడ ఊరుకోలేదు. పోలియో వైరస్‌ను అప్పుడు కోతి మూత్రపిండాల కణాల్లో పెంచేవాళ్లు. ఆ కణాల సారాన్ని పసి హామ్‌స్టర్లకు, అంటే ఎలుకల్లాంటి చిన్న జంతువులకు, ఇస్తే కణితులు లేచాయి. మళ్లీ చెప్పారు, మళ్లీ వినలేదు. 1960లో ఒక సభలో బయటపెడితే, ఇకమీదట అనుమతి లేకుండా మాట్లాడొద్దన్నారు. ల్యాబు కూడా పోయింది. ఆ కణాల్లో దాక్కున్న వైరస్‌కు ఎస్‌వి40 అని పేరుపెట్టింది వేరేవాళ్లు.

ఆవిడ కథ చదివినప్పుడల్లా నాకు షామీర్‌పేట వైపు నేను పనిచేసిన ఒక ల్యాబు గుర్తొస్తుంది. టీకాలో ఉండకూడని వైరస్ ఏదైనా దూరిందేమోనని, నమూనాను ఫ్లాస్కులో పెంచిన కణాల మీద వేసి చూసే 28 రోజుల పరీక్షలో పంతొమ్మిదో రోజు. కణాలు బాగుంటే ఫ్లాస్కు అడుగున పరిచిన బండల్లా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఆ సాయంత్రం ఓ మూల నాలుగైదు మాత్రం గుండ్రంగా ముడుచుకుని, అడుగు వదిలేసి, మెరుస్తున్నాయి. పోల్చి చూడ్డానికి నమూనా వేయకుండా ఉంచిన కంట్రోల్ ఫ్లాస్కులో అలాంటిది ఒక్కటీ లేదు. రిజిస్టర్లో రాశాను. ‘నాలుగు కణాల కోసం బ్యాచ్ మొత్తం ఆపుతావా అమ్మా?’ అన్నారు మా పైఅధికారి. ఆపాను. చివరికి తేలింది: కణాలకు ఆహారంగా వేసే, దూడ రక్తం నుంచి తీసిన సీరంలోంచి వైరస్ వచ్చింది. బ్యాచ్ అంతా ఆవిరి వేడితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్ పాలైంది. ఆ ఏడు నాకు ఇంక్రిమెంటు రాలేదు. ఇన్నేళ్లయినా ఆ కోపం తగ్గలేదు తల్లీ, దాచుకోను కూడా.

ఇంకొకటి చెప్పాలి. చాలా యాంటీబాడీ మందుల్ని చైనీస్ హామ్‌స్టర్ కణాల్లో తయారుచేస్తారు. శుద్ధిచేసేటప్పుడు వైరస్ పోతుందని నమ్మేదెలా? చిన్న నమూనా తీసుకుని, అందులో మేమే కావాలని వైరస్ కలుపుతాం, శుద్ధిచేశాక ఎంత మిగిలిందో లెక్కపెడతాం. ఎలుకల పార్వోవైరస్ ఉంది, 20 నానోమీటర్ల పైచిలుకు, అంతే. పైన కొవ్వు పొర లేదు కాబట్టి డిటర్జెంటుకు లొంగదు, ఆమ్లానికీ లొంగదు. దాన్ని ముఖ్యంగా ఫిల్టర్‌తో పట్టాలి. నాలుగు ‘లాగ్’లు తగ్గిందంటే, అంటే నాలుగుసార్లు పదో వంతుకు తగ్గిందంటే, పదివేలకు ఒకటి మిగిలినట్టు. పిల్లలూ, రాసుకోండి: రిపోర్టులో ‘వైరస్ లేదు’ అని రాయకూడదు. ‘మా పరీక్షకు దొరకలేదు’ అని రాయాలి.

ఉద్యోగాలంటారా, ఉన్నాయి. కణాల పెంపకం నేర్చుకోండి, కణాల పొరలో పడ్డ చిల్లుల్ని బట్టి వైరస్‌లను లెక్కించే ప్లాక్ అస్సే చేత్తో చేయడం నేర్చుకోండి, రిజిస్టర్లో కొట్టివేత ఉంటే పక్కన సంతకం, తేదీ వేయడం నేర్చుకోండి. మిగతావి మీ మేడమ్‌లు చెబుతారు.

ప్రిన్సిపాల్ మేడమ్ గారూ, ఈ శాలువా వద్దండీ. నా సంచిలో ఎడ్డీ గారి ఫొటో ఉంది, ఫ్రేము కట్టించే తెచ్చాను. మీ ల్యాబులో ఇంక్యుబేటర్ పక్క గోడ ఖాళీగా ఉంది, ఇందాక చూశాను. ఒక మేకు తెప్పించండి.