పన్ను రాయితీ ఖర్చు ఎవరి పద్దు?

నిర్వాహకురాలు: సబ్సిడీ ఇస్తే బడ్జెట్‌లో పద్దు కనిపిస్తుంది. పన్ను మినహాయింపు ఇస్తే ఆ లెక్క ఎక్కడ దొరుకుతుంది? సీఏ గారూ, మీరు చెప్పండి.

సీఏ: కేంద్రం రిసీట్ బడ్జెట్, అంటే ప్రభుత్వ రాబడి లెక్కల పత్రం, వెనక అనుబంధాల్లో. 2006-07 బడ్జెట్ నుంచి ఇస్తున్నారు. మొదట్లో 'వదులుకున్న ఆదాయం' అనేవారు, తర్వాత 'పన్ను ప్రోత్సాహకాల ప్రభావం' అన్నారు. పేరు మెత్తబడింది లెండి. రెండేళ్ల అంకెలుంటాయి. ఒకటి దాఖలైన రిటర్నులను బట్టి కట్టినది, రెండోది అంచనా. రెండింటినీ ఒకే నమ్మకంతో చదవకూడదు.

నిర్వాహకురాలు: ఆ అంకెలన్నీ కూడితే మొత్తం ఖర్చు వచ్చేసినట్టేనా?

ఆర్థికవేత్త: రాదండీ. అందరూ పొరబడేది అక్కడే. ఆదాయపు పన్ను పాత విధానంలో, అంటే మినహాయింపులు వాడుకునే విధానంలో, ఉన్న ఒక ఉద్యోగిని తీసుకోండి. స్టాండర్డ్ డిడక్షన్ పోగా ఆదాయం 11.5 లక్షలు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో పీఎఫ్, బీమా వంటి పొదుపులకు మినహాయింపు ఇచ్చే 80సి కింద 1.5 లక్షలు, ఎన్‌పీఎస్ అనే పింఛను పథకానికి అదనంగా 50 వేలు తీసేస్తే పన్ను పడేది 9.5 లక్షల మీద. సెస్సు పక్కన పెడదాం. 80సి ఒక్కటీ ఎత్తేస్తే పన్ను 40,000 పెరుగుతుంది. ఎన్‌పీఎస్‌ది ఒక్కటీ ఎత్తేస్తే 10,000. కూడితే 50,000. కానీ రెండూ ఒకేసారి ఎత్తేస్తే 55,000.

నిర్వాహకురాలు: ఆ ఐదు వేలు ఎక్కడివి?

ఆర్థికవేత్త: పది లక్షలు దాటాక 20 శాతం కాదు, 30 శాతం. విడివిడిగా లెక్కేస్తే ఒక్కో మినహాయింపు రెండోదాని చాటున తక్కువ రేటులో ఉండిపోతుంది. ఇంకో సంగతి, మినహాయింపు ఎత్తేస్తే జనం డబ్బు వేరేచోటికి మళ్లిస్తారు. కాబట్టి రాసిన అంకెంతా ఖజానాకు వచ్చిపడదు.

విశ్రాంత ఆడిట్ అధికారి: నాకు అంతకంటే ముందున్న ప్రశ్నే ముఖ్యం. రాయితీని కొలవడానికి దేన్ని మామూలు రేటు అనుకుంటున్నారు? 2019 సెప్టెంబరులో మినహాయింపులు వదులుకునే కంపెనీలకు 22 శాతం పన్ను రేటు పెట్టారు. ఆ నెల ప్రకటించిన తగ్గింపులన్నిటికీ కలిపి ఏటా 1.45 లక్షల కోట్ల ఆదాయం పోతుందని అప్పట్లో ప్రభుత్వమే చెప్పింది. 22నే మామూలు అనుకుంటే రాయితీ సున్నా. 30 అనుకుంటే ఎనిమిది పాయింట్లు. ఆ మామూలు రేటు అనే గీత జరిగితే చాలు, ఖర్చు మాయమవుతుంది. అందుకే ఆ గీత ఎక్కడ గీశారో పట్టిక పైనే రాయాలి.

సీఏ: ఎవరికి అందిందో కూడా రాయాలి. అదే 1.5 లక్షల 80సికి 30 శాతం స్లాబులో మిగిలేది సెస్సుతో కలిపి 46,800, 20 శాతంలో 31,200. అసలు పన్నే పడనివాళ్లకు పైసా లేదు. అదే చెక్కు రూపంలో ఇచ్చుంటే సభలో ఎవరైనా లేచి అడిగేవారు కదా.

నిర్వాహకురాలు: గడువు పెడితే సరిపోదా?

విశ్రాంత ఆడిట్ అధికారి: పెట్టినా ఖర్చు వెంటనే ఆగదమ్మా. సెజ్‌ల్లోని, అంటే ప్రత్యేక ఆర్థిక మండళ్లలోని, యూనిట్లకు అదే 1961 చట్టం 10ఏఏ సెక్షన్ కింద ఇచ్చిన మినహాయింపు చూడండి. కొత్త యూనిట్లకు 2020లో తలుపు మూశారు. కానీ అర్హత ఉన్న యూనిట్‌కు 15 ఏళ్లు, మొదటి ఐదేళ్లు ఎగుమతి లాభం మీద నూరు శాతం, ఆ తర్వాత సగం. అంటే ఆ బిల్లు 2030ల్లోకీ నడుస్తుంది. ఏ యేడు ఎంత పోతుందో పక్కన ఒక గడి గీసి రాయమనండి, అడగాల్సింది అది.